మొగం చూపించని రకం

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. సాలెపురుగుల పెంపకం నేను మానలేదు. రెండు నెలల కిందట రెండో టరాంటులాను తెచ్చుకున్నాను. నువ్వు ఇచ్చిపోయిన మొదటిది నెమ్మదస్తురాలు, రోజంతా అద్దాల పెట్టెలో కళ్లెదుటే కూర్చుంటుంది. చెట్లెక్కి పరుగెత్తే రకాన్ని పెంచేంత అనుభవం నాకొచ్చిందని బెంగళూరులో అమ్మే ఆయన అన్నాడు. నేను మాత్రం బొరియ తవ్వుకునే రకాన్నే అడిగాను. ఆ పేరెత్తితే చాలు, నువ్వు నవ్వేవాడివి: "అది నెలలైనా మొగం చూపీదు. ఊరికే నీళ్లు పెట్టి కాసుకోనుండల్ల. నీకు యాడుండాది పాపా అంత ఓర్పు?"

తిరుమణిలో మన చేను సోలార్ ప్లేట్ల కిందికి పోయింది కదా, కంచె బయట మిగిలిన మట్టి తెచ్చి పెట్టెలో అదిమాను. వదిలిన పూటే అది లోపలికి దిగింది, మళ్లీ కనబడలేదు. నేను గిన్నెలో నీళ్లు మారుస్తూనే ఉన్నాను.

నిన్న అమ్మ చూసి, "ఖాళీ పెట్టెకు నీళ్లెందుకే?" అంది.

"ఉండాది లేమ్మా. కనపడదంతే."

అమ్మ కొక్కేనికున్న నీ చొక్కా వైపు చూసింది.

ఈరోజు నేను లేచేసరికే అమ్మ గిన్నెలో నీళ్లు మార్చేసింది.