ఆవు అని రాసిన అరగంట

చిరంజీవి రత్మికి నాన్న దీవెనలు.

మేం ముగ్గురం, అంటే నేనూ మీ అమ్మా ఆవూ, మెరాపి కొండ దిగువన బడి వరండాలో కులాసాగానే ఉన్నాం. కొండ కక్కిన బూడిద బరువుకు మన వంటింటి కప్పు కూలిపోయింది. అంతకంటే ఇక్కడ పెట్టే తెంపే సోయా కూరలో తాటిబెల్లం చాలదన్నదే మీ అమ్మ బాధ. సురబాయలో పాపకు దగ్గు తగ్గిందా?

కొండ పేలే సంగతి కేంద్రంలోని సూదికి ముందే ఎలా తెలుస్తుందని అడిగావు. నేను బడి మెట్లెక్కలేదు గానీ, ముప్పై ఏళ్లు కొండ పరిశీలన కేంద్రంలో సూది కింద కాగితాలు మార్చాను. కరిగిన రాయి పైకి దారి చేసుకుంటూ లోపలి బండల్ని పగలగొడుతుంది. ఆ అదురు మన కాళ్లకు అందదు, మట్టిలో పాతిన పెట్టెకు అందుతుంది. తిరిగే డోలు మీద సూది దాన్ని గీస్తుంది. గీతలు ఒత్తుగా పడుతున్నాయంటే వచ్చేవాడు గడప దగ్గరున్నట్టే. ఆ సూది ముందు కూర్చుంటే నాకిప్పటికీ అన్నం గుర్తురాదు.

ఆ రోజు కొడవలితో కేంద్రానికి ఎందుకు పరుగెత్తానన్న నీ రెండో ప్రశ్న దాటేద్దామనుకున్నాను. మీ అమ్మకూ చెప్పలేదు.

పెట్టె చుట్టూ కంచె ఉంది కదా, లోపల గడ్డి ఏపుగా పెరుగుతుంది. మూడేళ్లుగా మన ఆవును దొంగచాటుగా అక్కడే కడుతున్నాను. ఆ పొద్దున, గీతల్లో అనుమానమొస్తే నన్నే అడిగే పరిశీలకురాలు వెనింగ్ కేంద్రం నుంచి ఫోన్ చేసింది.

"సర్జిమన్ గారూ, గీత ఒత్తుగా ఉంది. ఏమంటారు?"

"పెట్టె దగ్గర ఎవరిదో ఆవు తొక్కుతోందమ్మా."

ఎవరిదో! కాస్త ఆగి, గడ్డికన్నట్టు కొడవలి పట్టుకుని, ఎవరూ చూడకుండా విప్పుకొద్దామని వెళ్లాను. గూటం ఉంది, ఆవు లేదు. ఇంటికొచ్చి అడిగితే మీ అమ్మ కొట్టంలోంచి అరిచింది: "తెల్లారగానే తోలుకొచ్చా. పాలు మీరు పితుకుతారా ఏం?"

అంటే ఆ గీత ఆవుది కాదు. చేతిలో కొడవలితోనే కేంద్రానికి పరుగెత్తాను. అది ఆవు కాదనగానే వెనింగ్ రేడియో అందుకుంది. ఊరంతా కొండ దిగింది. ఆఖరి లారీ వంతెన దాటిన పావుగంటకు వేడి బూడిద వాగులోకి దూకింది. నేను పోగొట్టింది అరగంట. ఇంకో అరగంట పోయుంటే ఏమయ్యేదో నువ్వే ఊహించుకో.

నిన్న వెళ్లి ఆవు నాదేనని ఆమెతో ఒప్పుకున్నాను.

"మూడేళ్లుగా తెలుసండీ. మీ ఆవు మధ్యమధ్య పడుకుంటుంది, గీత సన్నబడుతుంది. ఆ రోజు గీత సన్నబడలేదు. అది చూసీ మీ మాట నమ్మాను," అంది.

ఆనాటి కాగితం తీసింది. ఒత్తు గీతల పక్కన పెన్సిలుతో ఆమె రాత: 'ఆవు'. కొట్టేయమన్నాను. పెన్సిలు నా చేతికే ఇచ్చింది.

కొట్టేసి, 'కొండ' అని రాశాను. కింద నా పేరు కూడా పెట్టాను.

ఇట్లు,
ఇకపై ఆవును ఇంటి దగ్గరే కట్టే నీ నాన్న,
సర్జిమన్