సిలోను దాకా మోసిన నిమ్మకాయలు

అన్నా,

నిన్నటితో నువ్వు పోయి ఏడాది నిండింది. నిన్న నేను మన ఊరు చింతామణిలో లేను. సిలోనులో, నువ్వు పత్రికలోంచి బొమ్మ కత్తిరించి బస్సులో అంటించుకున్న ఆ కార్ల పందెం దగ్గర ఉన్నాను. నీ మరదలు సముద్రం చూడాలంది. రెండూ ఒకే ప్రయాణంలో కలిపాను.

నీ బస్సు కదిలే ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం నా పని కదా. బాగేపల్లి దారిలో బస్సు బోల్తాపడి నువ్వు పోయిన ఆ ఉదయం నేను కాయలు పెట్టడం మరచిపోయాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. అందుకే ఈసారి నాలుగు కాయలు సంచిలో వేసుకుని ఓడెక్కాను. పందెం మొదలయ్యే చోట తాడు దాటబోతే పోలీసు వెనక్కి తోశాడు. కార్లు అట్లాగే కదిలాయి.

మూడో చుట్టులో ఎర్ర కారు మా ఎదుటి మలుపులోనే బోర్లాపడింది. నేను కళ్లు మూసుకున్నాను. నీ మరదలు నా చెయ్యి పట్టి గుంజింది.

"చూడండి, లేస్తాండాడు! మనిషి బాగుండాడు!"

ఆ దొర బట్టలు దులుపుకుని నవ్వుతున్నాడు. నాకు ముందు వచ్చింది కోపమే, అన్నా. వాడి చక్రాల కింద కూడా ఎవరూ ఏమీ పెట్టలేదు.

సాయంత్రం ఆమె ఆ కాయలు పిండి నాకు పానకం ఇచ్చింది. గ్లాసు పట్టుకుని, ఆ ఉదయం సంగతి మొదటిసారి నోరువిడిచి చెప్పాను.

"నాకు తెల్సు," అంది. "ఆ పొద్దు కాయలు సంచిలోనే ఉండినాయి. ఎవరి కంటా పడకుండా నేనే తీసి పారేసినాను."