గీకేసిన లేబుల్

ప్రియమైన అక్కకు తమ్ముడు నరేశ్ నమస్కరించి రాసేది.

ముందు ఈ కవర్లో ఉన్న ఫిట్స్ గోలీ పాప అమ్ములుకు వేసి, ఆ తర్వాత ఉత్తరం చదువు. ఇక్కడ అమ్ములుకు గోలీలు రాసిన డాక్టరమ్మను అడిగే పంపుతున్నాను. నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావ, అత్తమ్మ బాగున్నారనుకుంటాను. అమ్ములు సంగతే నమ్మకం కుదరడం లేదు.

ఫోన్లో మాట్లాడితే అత్తమ్మ వింటుందన్నావు కదా, అందుకే ఉత్తరం. నీ పార్సిల్ తెచ్చిన బస్సు కండక్టర్‌కే ఇస్తున్నాను, మధ్యాహ్నానికల్లా చేరుతుంది.

తార్నాక మెడికల్ షాపులో పని అలవాటైంది. లాలాపేట్ గదిలో రేకులు ఎండకు కాలిపోతున్నాయి. వంట నేనే చేసుకుంటున్నా, పచ్చిపులుసు మాత్రం నీలాగా కుదరడం లేదు. ఆదివారాలు మాట్లాడే మనిషి లేక గోడలు చూస్తూ కూర్చుంటాను. అయినా బాగానే ఉన్నాను, దిగులు పడకు.

షాపులో చేరాక ఒకటి మాత్రం వంటబట్టింది: లేబుల్ లేని సీసాను నమ్మకూడదు. అలాంటిది నువ్వు చిన్న కొబ్బరినూనె డబ్బాలో ఘాటు వాసన కొట్టే పచ్చటి నూనె కొంచెం పంపి, "ఫిట్స్‌కు గంజాయి ఆకు నూనె, మంచిదో కాదో చూడు, ఎవరికీ చెప్పకు" అని చీటీ పెడితే నాకు ముద్ద దిగుతుందా? అమ్మినవాడు మోసగాడే అనుకున్నాను. ఒకవేళ డాక్టరే రాశాడనుకున్నా ఆ డాక్టర్ మీదా అనుమానమే.

మా దగ్గర బీపీ గోలీలు కొనే మేడమ్ ఒకామె యూనివర్సిటీలో లా పాఠాలు చెబుతుంది. గంజాయి నూనె ఇంట్లో ఉంచుకుంటే నేరమా అని క్యాంపస్‌కు వెళ్లి అడిగాను. ఆమెనూ నమ్మలేక డబ్బా సంచిలోంచి తీయలేదు. దోస్తు కోసమన్నాను, నవ్వింది.

"ఒక్కో దేశానిది, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రూలు నరేశ్. అమెరికాల కొన్ని రాష్ట్రాలల్ల మత్తు బాగా తక్కువున్న నూనె, ఫలానా జబ్బులకు డాక్టర్ రాసిస్తే ఉంచుకోవచ్చు. పక్క రాష్ట్రం పోతే చెల్లకపోవచ్చు. మన దగ్గర గంజాయి పువ్వు, బంక నేరం. ఆకుతోటి లైసెన్సున్న కంపెనీ చేసి, డాక్టర్ చీటీ ఉంటే మందు. మీ దోస్తు సీసా మీద ఏం రాసున్నది?"

"ఏం లేదు మేడమ్."

"గట్లయితే అది మందని ఎవరికి చూపిస్తడు?"

బయటికి వస్తే గేటు దగ్గర ఒక కానిస్టేబుల్ టీ తాగుతున్నాడు. సంచి పొట్టకు హత్తుకుని, చుట్టు తిరిగి తార్నాక చేరాను. తప్పేమీ చేయకుండానే దొంగనయ్యాను.

నిన్న ఫోన్ చేస్తే అమ్ములు ఎత్తింది. నూనె ఎక్కడిదని అడిగాను.

"డాక్టర్ సారు రాసిండు మామా. సీసా మీద కాయితం ఉండె. నానమ్మ చదువుతదని అమ్మ గోరుతోటి గీకి పొయ్యిల ఏసింది. కొబ్బరినూనె డబ్బల పోసింది. ఇప్పుడు గోలీలు ఏస్తలేదు, నూనెనే తాపుతున్నది."

అక్కా, లోకాన్నంతా అనుమానించి నిన్నొక్కదాన్నే వదిలేశాను. గంజాయి అన్న పేరుకు భయపడి, మందును నువ్వే దొంగసరుకు చేశావు. రేపు అత్తమ్మ ఇంట్లో మిగిలిన నూనె డబ్బా తీసి తలకు రాసుకుంటే ఏం చెబుతావు? అంతకన్నా, గోలీలు ఆపమని ఎవరన్నారు? నాకు కోపం కాదు, భయం. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే నన్ను తిట్టింది. నూనె సంగతి తను చూసేదాకా ఆపమంది, గోలీలు ఈరోజే మొదలుపెట్టమంది. శనివారం రైల్లో అమ్ములును తీసుకురా, డాక్టరమ్మకు చూపిద్దాం. డాక్టర్ చీటీ మాత్రం పొయ్యిలో వెయ్యకుండా తీసుకురా. కాచిగూడ స్టేషన్లో ఎదురుచూస్తాను.

ఫోన్ పెట్టేముందు అమ్ములు గొంతు తగ్గించి అడిగింది: "మామా, అమ్మ నన్ను బియ్యం అర్రలకు తీస్కపోయి తలుపేసి నూనె తాపుతది. నేనేం తప్పు చేసిన?"

రేపటి నుంచి గోలీ అత్తమ్మ ఎదుటే వెయ్యి అక్కా, తలుపు తీసిపెట్టి.

బావకు, అత్తమ్మకు నమస్కారాలు. అమ్ములుకు ముద్దులు.

నీ దీవెన కోరే తమ్ముడు,
నరేశ్