యాభై నిండిన కెపాసిటర్

తమ్ముడూ రూలోఫ్,

యాభై ఏళ్లు నిండినదేదీ నమ్మకూడదంటూ నాన్న ఆంప్లిఫయర్‌లో కెపాసిటర్లన్నీ పీకి, కొత్తవి వేసి వెళ్లావు. అప్పటినుంచి ఎడమ స్పీకర్ ఒకటే గుయ్‌మనడం మొదలుపెట్టింది. ఫోన్ చేస్తే, "లోపం నీ చెవుల్లో ఉందక్కా" అన్నావు. చెవులు చూపించుకున్నాను. బాగానే ఉన్నాయట.

అప్పుడు మూత విప్పి, ఎడమవైపు కెపాసిటర్‌నీ కుడివైపు దాన్నీ అటూ ఇటూ మార్చి సోల్డరింగ్ చేశాను. మోత కుడి స్పీకర్‌లోకి పోయింది. అంటే పాడైంది నీ కొత్తదే. నువ్వు చెత్తలో వేయమన్న పాతదాన్ని బిస్కెట్ల డబ్బాలోంచి తీసి దాని బదులు బిగించాను. మోత ఆగిపోయింది.

ఆదివారం నీకు యాభై నిండుతాయి కదా. మన ఊళ్లో యాభై నిండిన మగవాళ్లందరికీ పెట్టినట్టే మీ ఇంటి ముందూ ముసలాయన బొమ్మను నిలబెడతాం. దాని మెడలో నీ కొత్త కెపాసిటర్ వేస్తాను. నిన్ను మాత్రం మార్చంలే. కొత్తవి ఎలా ఏడుస్తాయో విన్నాంగా.

నీ చెవిటి అక్క