తొమ్మిదో సినిమా

అమలాపురం,
3 జూన్ 2024

ప్రియమైన వీరబాబుకి,

నీ చెవులు మొరాయించాక మన స్నేహానికి మళ్లీ ఉత్తరాల యోగం పట్టింది. మొన్న ఫోనులో "భోంచేశావా" అని అడిగితే "బుజ్జమ్మ బజారుకెళ్లింది" అన్నావు. ఇక నీతో కాగితమే నయమని అప్పుడే అనుకున్నాను.

సంగతేమిటంటే, మన అభిమాన దర్శకుడు సాయిదుర్గాప్రసాద్ గారు పోయి ఈ ఇరవై మూడో తేదీకి ఏడాది. ఇక్కడి కళాసమితి వాళ్లు సంస్మరణ సభ పెట్టి సంచిక కూడా వేస్తున్నారు. ఆయన తీసిన తొమ్మిది సినిమాలకీ నా ఇష్టప్రకారం వరస కట్టి వ్యాసం రాయమన్నారు. సభలో చదివేదీ నేనే. మా ఆవిడ రాజ్యాన్ని ముందు వరసలో కూర్చోబెడతారట.

రాజోలు హాల్లో ఆ తొమ్మిదీ వేసిన ఆపరేటరువి నువ్వు. అందుకని వ్యాసం నకలు ముందు నీకే పంపుతున్నాను. 'మంగళవారం సంత'కి మొదటి స్థానం ఇచ్చాను. సంత ఎత్తేశాక ఆ ముసలాయన ఒంగి తూకపురాళ్లు ఏరుకునే సీను ఒక్కటి చాలు. 'కొత్త కరణంగారి గుర్రం' రెండోది. మా నాన్న నా పక్కన కూర్చుని చూసిన సినిమా జన్మలో అదొక్కటే, అందుకే ఆ స్థానం. పరీక్ష పేపర్లు దిద్దడం కాదు కదా ఇది. రెండు పాటలు తగ్గిస్తే 'ఇత్తడి బిందె' మొదటికి వచ్చేది. మిగతావి చదువుకో.

ఆఖరిది మాత్రం ఇక్కడే రాస్తాను, నాకు బాగా కుదిరిన ముక్క:

"తొమ్మిదోది 'దగ్గరగా వేసిన తలుపు'. ఒక సీనులో భర్త చొక్కా మడత పెడుతున్న ఇల్లాలు తర్వాతి సీనులో మద్రాసు రైల్లో ఉంటుంది. ఆరేళ్ల కూతుర్ని వదిలి ఆ రాతిగుండె తల్లి ఎందుకు వెళ్లిందో దర్శకుడు చెప్పడు. నేను రాజోల్లో మూడుసార్లు చూశాను, మూడుసార్లూ కారణం దొరకలేదు. మా ఆవిడకి మాత్రం దొరికింది! ఆ భర్త రోజూ బయట తాళం వేసుకుని వెళ్తాడట. తాను తీయని సీన్లు కూడా చూడగల ప్రేక్షకులు ఉండడం దర్శకుడి అదృష్టం."

ఎలా ఉంది? ఇక్కడ చప్పట్లు ఖాయం. బుజ్జమ్మ చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
మురళీమోహన్


రాజోలు,
7 జూన్

ప్రియమైన మురళీకి,

నీ ఉత్తరం, వ్యాసం అందాయి. రెండుసార్లు చదివాను. 'మంగళవారం సంత' గురించి బాగా రాశావు. కరణంగారి గుర్రం వేసినప్పుడు జనం నవ్వులకి కేబిన్ అద్దం అదిరేది, జ్ఞాపకముందా?

ఒక్క మాట. ఆ తొమ్మిదోదాన్ని కాస్త పైకి జరపకూడదా? ఆరో, ఏడో అను, పోయేదేముంది? లేకపోతే ఆ సినిమా పేరెత్తకుండా ఎనిమిదితో సరిపెట్టు. రాజ్యం చెల్లెమ్మ గురించి రాసిన నాలుగు ముక్కలు మాత్రం కొట్టెయ్యి. నలుగురిలో బాగుండదు. ఎందుకని అడగకు. వయసు మీద పడి మెత్తబడ్డాడనుకో.

ఇక్కడ మోకాళ్ల నొప్పులు తప్ప అంతా కులాసా. కొబ్బరికాయ ధర మళ్లీ పడిపోయింది.

ఉంటాను,
వీరబాబు


అమలాపురం,
10 జూన్

ఒరే మెత్తటి వీరబాబూ,

నీకేమైందిరా? సినిమా బాగోలేకపోతే రీలు చుట్టే చెయ్యి కూడా విసుక్కుంటుందని తిట్టేవాడివి, నువ్వా నాకు దయ నేర్పేది? స్థానం మారదు. ఆ సినిమా ప్రింటు ఇప్పుడు ఎక్కడా లేదు. టీవీలో వేయలేదు, యూట్యూబులో వెతికించాను, అక్కడా లేదు. కాబట్టి నా మాటే శాసనం.

రాజ్యం ఏమీ అనుకోదు. మా ఇంట్లో అది ఏనాడో సామెత అయిపోయింది. ఎవరైనా నమ్మశక్యం కానిది చెబితే మా యామిని "అది అమ్మ చూసిన సినిమాలే" అంటుంది. మొన్న వంటింట్లో గ్యాసు వాసన వస్తోందని రాజ్యం అంటే నేనూ అదే అన్నాను. తర్వాత చూస్తే నిజంగానే ట్యూబు చీలింది, అది వేరే సంగతి.

అయినా నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? మా గృహప్రవేశం నాడు మా కాలేజీ వాళ్లందరి ముందూ రాజ్యం ఆ తాళం కథ ఎత్తుకుంటే, "ఇదిగో, ఆ సినిమా వేసినాయన ఇక్కడే ఉన్నాడు, అడుగు" అన్నాను. నువ్వు పొట్ట పట్టుకుని నవ్వావు. ఆ తర్వాత తను ఆ సంగతి ఎత్తితే ఒట్టు.

పద్దెనిమిదిన వ్యాసం ప్రెస్సుకి వెళ్తుంది. ఇంకేమైనా సవరణలుంటే ఈలోగా రాయి, దయాదాక్షిణ్యాలు తప్ప.

నీ
మురళి


రాజోలు,
13 జూన్

ప్రియమైన మురళీకి,

ఇది మొదలుపెట్టి మూడు కాగితాలు చింపాను. దీన్ని చింపకుండా బుజ్జమ్మ ఎదురుగా కూర్చుంది.

ఆ సీను ఉంది. చెల్లెమ్మ చెప్పిన తాళం ఉంది. మొదటిరోజు వచ్చినవాళ్లు తప్ప మన రాజోల్లో అది ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఆ తర్వాత ఆ రీలు నేను వేయలేదు.

తొంభై ఒకటిలో సంగతి. అది పదహారు రీళ్ల సినిమా. మొదటి ఆట వదిలేసరికి తొమ్మిది దాటేది. గోదావరి లంకల్లోకి వెళ్లే ఆఖరి పడవ తొమ్మిదింటికి. మొదటిరోజు పడవ వెళ్లిపోయింది. పిల్లల్ని చంకనేసుకుని పాతిక మంది ఆడవాళ్లు రేవులో ఉండిపోయారు. మర్నాడు ఆటకొచ్చిన లంక ఆడవాళ్లు కేబిన్ మెట్ల దగ్గరికొచ్చి, "బాబ్బాబు, కాస్త బేగా వదిలెయ్యండి, మీకు పుణ్యముంటాది" అన్నారు. నేనూ లంకలో పుట్టినవాణ్ణే. కాదనలేకపోయాను.

ఏ రీలు ఆపాలా అని చూశాను. పాటలున్నవి ఆపితే జనం కుర్చీలు విరగ్గొడతారు. ఫైటున్నది ఆపితే ఓనరు ఊరుకోడు. పదకొండో రీల్లో పాట లేదు, ఫైటు లేదు. ఒక ఆడమనిషి ఒక్కర్తీ ఇంట్లో ఉంటుంది, అంతే. ఎవరూ అడగరనుకున్నాను. నిజంగానే నాలుగు వారాలూ ఎవరూ అడగలేదు. ఫిల్ము పెట్టె తిరిగి పంపేటప్పుడు ఆ రీలు మళ్లీ అందులో పెట్టేశాను.

మొదటిరోజు మాత్రమే వేశాను కనుక నాకు సగమే గుర్తు. మొగుడు రోజూ బయట తాళం వేసి ఆఫీసుకి వెళ్తాడు. ఒకరోజు మర్చిపోతాడు. ఆవిడ తలుపు లాగి చూస్తుంది, వచ్చేస్తుంది. అక్కడే నిలబడిపోతుంది. తర్వాతేమిటో నాకు తెలియదు, ప్రొజెక్టరు దీపానికి కార్బన్ కడ్డీలు మార్చుకుంటున్నాను. చెల్లెమ్మ అప్పుడు యామినిని కనడానికి రాజమండ్రిలో పుట్టింట్లో ఉంది కదా, అక్కడ పూర్తి సినిమా చూసి ఉంటుంది.

రీలు ఆపినందుకు నాకంత బాధ లేదు మురళీ. లంక ఆడవాళ్లంతా పడవ అందుకుని ఇళ్లకు చేరారు. మీ గృహప్రవేశం నాడు నవ్వినందుకు సిగ్గుగా ఉంది. నువ్వు నన్ను సాక్షిగా పిలిచావు. చెల్లెమ్మ నా మొహంలోకి చూసింది, నేను ఔనంటానని. ఔనంటే కాలేజీ పెద్దమనుషుల ముందు సినిమా కోసినవాణ్ణవుతాను, ఓనరుకి తెలిస్తే ఉద్యోగం పోతుంది. నవ్వేశాను. ఆవిడ లోపలికి వెళ్లి అందరికీ కాఫీలు తెచ్చింది. నాకూ ఇచ్చింది. తాగాను.

నన్ను తిట్టు. కానీ ఆ వ్యాసం ఆపు.

వీరబాబు


అమలాపురం,
16 జూన్

వీరబాబుకి,

ముప్ఫై మూడేళ్లు! మూడుసార్లు చూశాను, మూడుసార్లు చూశాను అని పిల్లలకి పాఠం చెప్పినట్టు ఊరంతా చెప్పాను. క్లాసులో కూడా చెప్పాను. చూసిందేమిటంటే నువ్వు కోసిచ్చిన ముక్క! ఒక్కసారి చెవిలో ఊదితే నీ సొమ్మేం పోయేదిరా? నిన్న నీ ఉత్తరం చదివినప్పుడు నువ్వు ఎదురుగా ఉంటే ఏమనేవాణ్ణో నాకే తెలియదు.

వ్యాసం సరిచేశాను. చూడని సినిమాకి స్థానం ఏమిస్తాను? ఎనిమిదింటికే రాశాను. రాజ్యం మీద రాసిన వాక్యాలు కొట్టేశాను.

తనకి ఏమీ చెప్పలేదు. ఆ ముక్క ఎలాగూ అచ్చు కావడం లేదు. తను మర్చిపోయిన సంగతి ఇప్పుడు కెలకడం ఎందుకు? ఇక్కడితో వదిలేద్దాం.

మురళీమోహన్


రాజోలు,
18 జూన్

ప్రియమైన మురళీకి,

తిట్లు అందాయి. తక్కువే తిట్టావు.

నీ ఉత్తరం బుజ్జమ్మ కూడా చదివింది. చదివి నా చెవి దగ్గరకొచ్చి అరిచి మరీ చెప్పింది: "ఆయ్, కోసినాయన ఒప్పేసుకున్నాడు. నవ్విన పంతులుగారు మటుకు కాయితం మార్చేసి చేతులు దులిపేసుకున్నారు. ఆవిడ మర్చిపోయిందని ఈయనకెవరు చెప్పేరండీ?"

నాకూ అదే తోచింది. చెల్లెమ్మకి నువ్వు చెప్పకపోతే నేనే బస్సెక్కి వచ్చి చెబుతాను. నాకు వినపడదు కానీ చెప్పగలను. నా ఉత్తరం చూపించు. నన్ను ఎంత మాటన్నా పడతాను.

వీరబాబు


అమలాపురం,
24 జూన్

ప్రియమైన వీరబాబుకి,

చెప్పాను. ఏం జరిగిందో నీకు కాక ఇంకెవరికి రాయను?

శనివారం పొద్దున్న రాజ్యం పెరటి గుమ్మంలో కూర్చుని పనసపొట్టు కొడుతోంది. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. పెళ్లయ్యాక పీట వేసుకుని తన ఎదుట ఎప్పుడు కూర్చున్నానో గుర్తులేదు. తను కత్తి ఆపి, "ఒంట్లో బాగోలేదాండీ?" అంది. నీ ఉత్తరం చేతికిచ్చాను.

చేతులకి పనసజిగురు ఉందని నూనె రాసి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివింది. కాఫీల సంగతి రాసిన చోట ఒకసారి ఆగింది. చదవడం అయ్యాక కాగితం మడిచి నాకే ఇచ్చి, "పాపం, అన్నయ్యగారు ఎంత మథనపడ్డారో" అంది. నా గుండె కాస్త కుదుటపడింది. అంతా తేలిగ్గానే గడిచిపోయిందనుకున్నాను.

తర్వాత అడిగింది, "ఇది ఎన్నిసార్లు చదివేరండీ?"

"ఒక్కసారే."

"ఒక్కసారికే నమ్మేరా?"

"నమ్మక? వాడు స్వయంగా రీలు ఆపిన మనిషి కదా," అన్నాను.

"నేను స్వయంగా చూసిన మనిషినే కదండీ," అంది.

అంతే. గొంతు పెంచలేదు, కళ్లనీళ్లు పెట్టలేదు. మళ్లీ పనసపొట్టు కొట్టుకుంది. నీ మీద అరిచాను చూడు, ఒక్క ముక్క చెబితే ఏం పోయేదని. ఆ ఒక్క ముక్కా చెప్పిన మనిషి నా ఇంట్లోనే ఉంది. రోజూ నాకు అన్నం పెడుతోంది. నాకు సాక్షి కావలసి వచ్చింది.

కాసేపటికి తనే అంది, మొదట్లో కోపం వచ్చేదట. తర్వాత తర్వాత, నిండు నెలలు కదా, హాల్లో కునుకుపట్టి కలగన్నానేమోనని తనకే అనుమానం పట్టుకుందట. ఆ మీదట ఏ సంగతీ గట్టిగా అనడం మానేసిందట. గ్యాసు వాసన వచ్చిన రోజు కూడా నేను నవ్వేసరికి రెండోసారి చెప్పాలా వద్దా అని ఆలోచించిందట. ఇది విన్నప్పుడు నాకు కలిగిన సిగ్గు ఎలాంటిదో రాయడం చేతకాదు. తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను.

"రేపు సభలో మైకులో ఒప్పుకుంటాను. అందరి ముందూ నీకు క్షమాపణ చెబుతాను," అన్నాను.

"వద్దండీ. మీరు చెప్తారు, ఎంత పెద్ద మనసో అని వాళ్లు చప్పట్లు కొడతారు. నాకేం వచ్చింది? నేను సభకి రాను. యామినికి చెప్పండి చాలు."

నిన్న ఒక్కణ్ణే వెళ్లాను. ఎనిమిది సినిమాల గురించీ చదివాను. తొమ్మిదోది ఏదని ఎవరో అడిగితే, "ఆ సినిమా నేను చూడలేదండీ" అని దిగిపోయాను. చప్పట్లు పెద్దగా పడలేదు.

ఇంటికొచ్చి యామినికి ఫోను చేశాను. అమ్మ చెప్పిన తాళం సీను నిజంగానే ఉందని, ఇన్నేళ్లూ తప్పు నాదేనని చెప్పాను. అది పకపకా నవ్వి, "నాన్నా, అమ్మ చెప్పించిందా ఇదంతా?" అంది. దానికి అలా నవ్వడం నేర్పింది నేనే. "లేదమ్మా, నవ్వకు" అన్నాను. అది నవ్వు ఆపేసింది. "అమ్మకివ్వండి" అంది.

ఇచ్చాను. ఏమడిగిందో కానీ రాజ్యం మంచం మీద కూర్చుని ఆ సీను చెప్పడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, నా వైపు ఒకసారి చూసి. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను, అడ్డు రాలేదు.

తలుపు తెరుచుకోగానే ఆ ఇల్లాలు వెళ్లిపోలేదటరా. నడవలో కూర్చుని, సాయంత్రం పాప బడి నుంచి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉందట. పాప తల దువ్వి, జడ వేసి, నాతో వస్తావా అని అడిగిందట. పాప గుమ్మం కేసి చూసి, "నాన్న తిడతారమ్మా" అందట. ఆవిడ ఇంకేమీ అడగకుండా ఆ జడకి రిబ్బను కట్టి, పాపని పక్కింట్లో అప్పజెప్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిందట.

ఇదంతా రాజ్యం ఇన్నేళ్లుగా చెప్పబోతూనే ఉంది. తాళం అన్న మాట దగ్గరే నేను నవ్వేవాణ్ణి. ఆ తర్వాతి మాట ఏనాడూ విన్న పాపాన పోలేదు.

మురళి