పద్దెనిమిది అడుగుల గోడ

సుపీరియర్ సరస్సు, ఆగస్టు

ప్రియమైన సైమా,

నీ ఉత్తరం రేవులో అందింది. మన కొత్తింటి గోడలకి పదహారు అంగుళాలకో కర్ర అని భాగించి లెక్క కట్టావా! కలప అడితివాడు నవ్వాడంటే నవ్వడూ మరి! మూలల్లో, తలుపుల పక్కన జంట కర్రలు ఎవరిస్తారు, మీ నాన్నా? గోడ అడుగుకి ఒక నిలువు కర్ర చొప్పున చెప్పు. ఎక్కువనిపించేవన్నీ ఆ మూలలే మింగేస్తాయి. అడ్డకర్రలు కింద ఒకటి, పైన రెండు. అంటే గోడ పొడవుకి మూడింతలు.

నేను గీసిన పటంలో లోపలి గోడలన్నీ కలిపి అరవై అడుగులు. అంటే నిలువు కర్రలు అరవై. మంచు పడేలోపు నిలబెట్టు, వాటి మీద పలకలు నేనొచ్చి కొడతాను. ఈ ఓడలో కాఫీ అంటే వేడినీళ్లే.

నీ రీనో

*

ప్రియమైన నా ఓడమనిషికి,

కలప వచ్చింది. డెబ్బై ఎనిమిది నిలువు కర్రలు. వంకరవి ఏరి మార్పించుకున్నాను. పడకగది గోడని నేలమీదే బిగించి, పక్కింటి హిల్మా, నేనూ పైకెత్తాం. "మీ ఆయన కూర్చుని కాఫీ తాగడానికి ఒక్క కుర్చీ పట్టే చోటైనా మిగల్చవే" అంది.

గనివాళ్లు మంచు పడేలోపు తామిచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు నాన్నని. ఆయన మోకాలు బొత్తిగా వంగడం లేదు. ఎక్కడికెళ్తావు నాన్నా అంటే, "ఎక్కడికైనా పోతాను, ఆ దేశదిమ్మరి గడప మాత్రం తొక్కను" అన్నాడు.

నీ సైమా

*

సైమా,

డెబ్బై ఎనిమిదా? పద్దెనిమిది అడుగుల గోడ ఎక్కువ! పటం ముందేసుకుని చూశాను. పెద్దగది మూలన ఇటు పది, అటు ఎనిమిది అడుగులు వేస్తే మీ నాన్నకో గది. నన్ను అడగడానికి నోరు రాలేదా? మన పెళ్లిలో అందరి ముందూ నన్ను దేశదిమ్మరి అన్న మనిషి! ఒళ్లు మండిపోయింది. చివరికి, ఆ గదికి తలుపు ఎటు పెట్టావో అని ఆలోచిస్తూ నాకు నేనే దొరికిపోయాను.

వంటగది వైపు పెట్టు, పొయ్యి వేడి తగులుతుంది. మంచం దగ్గర్నుంచి తలుపుదాకా నిలువు కర్రల మధ్య అడ్డంగా ముక్కలు బిగించు, పట్టుకుని నడవడానికి కమ్మీ పెడదాం. ఉత్త పలకకి కొడితే ముసలాయన కమ్మీతో సహా కిందపడతాడు. గోడ మూసేశాక ఆ ముక్కలు పెట్టలేం. వాటికి కొత్త కలప కొనకు, తలుపుల దగ్గర కోయగా మిగిలినవి చాలు. కమ్మీ ఎత్తు ముప్పై నాలుగు అంగుళాలు.

రీనో

*

నా బంగారు రీనో,

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను, నీ కోపంతో సహా. కాఫీ చల్లారిపోయినా కప్పు పట్టుకునే కూర్చున్నాడు. తర్వాత చేతికర్ర అందుకుని లేచాడు. "ముప్పై నాలుగట! వాడికేం తెలుసు? నేను వాడంత పొడుగా?"

ఆ మోకాలితోనే మన ఇంటిదాకా నడిచొచ్చాడు. గడప దగ్గర ఆగిపోయాడు. తర్వాత గుమ్మం పట్టుకుని బూట్లు విప్పుకున్నాడు. నేరుగా ఆ మూలకి వెళ్లి, నిలువు కర్ర మీద అరచెయ్యి ఆనించి, "ఇక్కడ గీత గియ్యవే" అన్నాడు.

గీశాను. ముప్పై ఒకటి. నువ్వు వచ్చేదాకా పలకలు ముట్టుకోవద్దన్నాడు. నువ్వు కొడుతుంటే మేకులు తను అందిస్తాడట.

నీ సైమా