ఒక్క బెండకాయా ముదురు లేదు

మెహనాజ్,

నర్సంపేట నుంచి రాగానే ముందు అన్నం తిను. మూకుడులో బెండకాయ వేపుడుంది, దాని మీద మూత పెట్టకు, జిగురొస్తుంది. పక్కన గిన్నెలో పచ్చిపులుసు ఉంది. రెండూ నేనే వండాను.

పద్దెనిమిదేళ్లుగా నేను కూరగాయలు తెస్తే, నాకు మంచినీళ్లు ఇవ్వకముందే సంచి బోర్లిస్తావు. "గివి బెండకాయలా, కట్టెలా?" అని సగం పక్కింటి షాహీన్ మేకకు వేస్తావు. ఈ రోజు ఆ మేకకు పస్తే.

తెల్లారగానే రైతుబజారుకు పోయాను. రఘునాథపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ గంప ముందు కూర్చుని, నీలాగే ఒక్కో కాయ కొస విరిచాను. అట్లా విరిస్తే ఎవరైనా తిడతారు. ఆమె మాత్రం, "ఇరిసి సూడు బిడ్డా, పొద్దుగాల తెంపిన కాయలు. ఒక్కటి ముదురున్నా నా గంప నీదే" అన్నది. విరిచినవన్నీ టక్కున విరిగాయి. గంప ఆమెకే మిగిలింది.

నువ్వు నమ్మవని విరిచిన కొసలన్నీ ఏరి తెచ్చాను. స్టీలు పళ్లెంలో ఉన్నాయి, పారేయకు.

నువ్వు చెప్పినట్టే కాయలు కడిగి, తుడిచి, ఆ తర్వాతే కోశాను. తుడిచింది మాత్రం చుట్టాల కోసం నువ్వు దాచిన కొత్త తువ్వాలుతో. ఉతికి ఆరేశాను, ఫికర్ చేయకు.

దుకాణానికి పోతున్నాను.

సమద్

నాలుగు కాయలు మాత్రం నీకోసం విరవకుండా తెచ్చి తడి గుడ్డలో చుట్టి పెట్టాను. వాటిని ఇప్పుడే ముట్టుకోకు. సాయంత్రం నా ముందే విరువు. అప్పుడు నీ ముఖం చూడాలి.